పిలవని దగ్గు

పుష్యమాసం, ఆదివారం. తాండూరు. పొద్దున మంచు, తర్వాత మెత్తటి ఎండ.

ఉన్నవాళ్లు: దోస్తు; అతని భార్య (నేను చెల్లె అని పిలుస్తాను); దోస్తు అక్క, మంచం మీద; దోస్తు మనుమరాలు, చేతిలో ఫోనుతో; నేను.

డైరీలో ఏ పేజీ అయినా నేను ఇలాగే మొదలుపెడతాను. తేదీ, ఊరు, వాతావరణం, ఎవరెవరు ఉన్నారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా డ్యూటీ ఎక్కేటప్పుడు పుస్తకంలో ఇలా రాయడం అలవాటై, అది మెల్లగా ఇంటి పేజీలకూ పాకింది. పదవీ విరమణ తర్వాత కూడా పోలేదు. పండుగ పూట సైతం ముందు హాజరు వేసుకుని గానీ పాయసం ముట్టడని మా ఇంట్లో నవ్వుతారు. అయితే ఆ ఆదివారం పేజీలో పైన ఉన్న రెండు ముక్కలే ఉన్నాయి. కింద అంతా ఖాళీ. అప్పుడు రాయలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను.

మరునాడు పొద్దున దోస్తు హైదరాబాదు ఆసుపత్రికి పోవాలి, ఆ తర్వాతి రోజు ఆపరేషన్. గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టర్లు చెప్పారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం ఉండదన్నారు. తర్వాత ఏదో చిన్న పరికరంతో మాటలాంటిది నేర్పించవచ్చు గానీ అది ఈ గొంతు కాదు. అందుకే, పోయే ముందు తాత గొంతును ఫోనులో పట్టి ఉంచాలని మనుమరాలు పట్టుబట్టి నన్ను కూడా పిలిపించింది.

నేను వికారాబాద్‌లో రైలెక్కినప్పుడు అనంతగిరి గుట్టలు కనిపించలేదు. మంచు గుట్టల్ని, చెట్లను, ప్లాట్‌ఫారం చివరి దీపపు స్తంభాన్ని కూడా తనలో కలిపేసుకుంది. రైలు కదిలాక బయట ఏదీ కదలడం లేదనిపించింది. తెల్లటి గది ఒకటి మమ్మల్ని కూర్చోబెట్టుకుని ఊగుతున్నట్టుంది. ఎదుటి సీట్లో ఒకావిడ సంచి ఒడిలో పెట్టుకుని నిద్రపోతోంది. ఆమె సంచిలోంచి కొత్త కందుల వాసన వస్తోంది.

ధారూర్ వచ్చినప్పుడు కిటికీ దగ్గరికి జరిగాను. నా ఉద్యోగపు తొలి ఏళ్లు అక్కడే గడిచాయి. ఇప్పుడు అంతా మారింది. అయినా మంచులో మారినది కనిపించదు కదా. కాసేపు ఆ స్టేషన్ నా కాలంలోలాగే ఉంది: రేకుల కప్పు, గోడకు ఫోను, ఆ ఫోనులో దోస్తు.

అతను పక్క స్టేషన్‌లో ఉండేవాడు. మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక స్టేషన్ నుంచి రైలు కదలాలంటే దాని ముందున్న స్టేషన్ ఒప్పుకోవాలి. ఫోన్ తీసి అడగాలి. అవతలివాడు దారి ఖాళీగా ఉందని చూసుకుని లైన్ క్లియర్ ఇవ్వాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఒకరు చెప్పిన మాటను విన్నవాడు ఉన్నదున్నట్టు మళ్లీ చెప్పాలి. అతను మళ్లీ చెప్పేదాకా నువ్వు చెప్పినట్టు కాదు. వినపడకపోతే వినపడలేదని అడగాలి, ఎన్నిసార్లయినా.

మనిషిని చూడకముందు నేను చాలాకాలం ఆ గొంతునే ఎరుగుదును. బరువైన గొంతు, నేల కింద నీళ్లు పారుతున్నట్టుండేది. మీసాలున్న ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. తీరా ఒకరోజు సైకిల్ మీద ఒక పొట్టి, బక్క మనిషి వచ్చి మా ప్లాట్‌ఫారం దగ్గర దిగి, "ఏం భాయ్, గుర్తువడ్తలేనా?" అన్నాడు. ఆ గొంతు అతని నోట్లోంచే వస్తోందని నమ్మడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

వానాకాలం మధ్యాహ్నాలు రైళ్లు లేని వేళ ఇద్దరం ఫోను చెవిన పెట్టుకుని ఊరకే ఉండేవాళ్లం. అతని రేకుల మీద పడుతున్న వాన చప్పుడు నాకు ఫోనులో వినపడేది. నా దగ్గర ఇంకా ఎండే. "వస్తున్నది, చూస్కో" అనేవాడు. కాసేపటికి అదే వాన పొలాల మీదుగా నడిచి వచ్చి నా రేకుల మీద పడేది. వచ్చిందని నేను చెప్పేవాణ్ణి. వానకు కూడా లైన్ క్లియర్ ఇచ్చిన రోజులవి. నా డైరీల్లో వాన పడిందని ఉంది. ఇది లేదు.

తాండూరులో దిగేసరికి మంచు పలచబడింది. ఆదివారం కాబట్టి నాపరాతి బండల పాలిష్ మిషన్లు ఆగి ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆ ఊరికి ఒక ఎడతెగని చప్పుడు ఉంటుంది, పళ్లు కొరుకుతున్నట్టు. అది లేకపోతే ఊరు ఇంకా నిద్ర లేవలేదనిపిస్తుంది. దోస్తు ఇంటి గడప దగ్గర పరిచిన నీలం బండలు మంచుకు తడిసి, ఆకాశం కిందికి దిగినట్టు మెరుస్తున్నాయి.

చెల్లె తలుపు తీసింది. ఆమెది సరిహద్దు అవతల కన్నడ పల్లె. పెళ్లయి వచ్చి ఇంతకాలమైనా భర్తను పిలవాలంటే అక్కడి పద్ధతిలో "రీ" అంటుంది. ఆ ఒక్క అక్షరమే.

"వచ్చినవా అన్నా? చలికి వణుకుతున్నవ్. లోపలికి రా, చాయ్ దాగు. రీ, అన్నొచ్చిండు!"

ఆమె అతన్ని "రీ" అంటుంది. అతను ఆమెను ఏమని పిలుస్తాడంటే, ఏమనీ పిలవడు. దగ్గుతాడు. గొంతు సవరించుకున్నట్టు పొట్టి దగ్గు ఒకటి. దానికే ఆమె వస్తుంది. ఏ దగ్గు చాయ్‌కో, ఏ దగ్గు కళ్లద్దాలకో, ఎవరో వచ్చారని చెప్పడానికి ఏదో ఆమెకే తెలుసు. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న పద్ధతి అది. మాలాంటి వాళ్లకు వింతగా కూడా అనిపించేది కాదు. మా కాలంలో పెద్దల ముందు భార్యను పేరు పెట్టి పిలవడం సిగ్గు లేనితనం కింద లెక్క. అతను పెళ్లయిన కొత్తలో ఒకసారి పిలిచాడట. వాకిట్లో ఉన్న తల్లి, మేనత్తలు, ఈ అక్క అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారట. అంతే. మళ్లీ పిలవలేదు. దగ్గు మొదలైంది.

జబ్బు బయటపడింది కూడా దానివల్లనే. పోయిన వానాకాలంలో ఆమె పదేపదే వంటింట్లోంచి బయటికి వచ్చి, "ఏంద్రీ?" అని అడగడం మొదలుపెట్టిందట. "నేను పిలువలే" అనేవాడు ఇతను. మళ్లీ దగ్గు వినపడేది, మళ్లీ వచ్చేది. మళ్లీ పిలవలేదనేవాడు. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసి కొడుకుతో చెప్పింది: "మీ నాయన దగ్గు మారింది. అది నన్ను పిలిచేది గాదు. డాక్టర్‌కు చూపియ్యి." డాక్టరు ఏ పరీక్షా చేయకముందే ఆమె చెప్పిన మాట అది.

ముందు గదిలో దోస్తు మఫ్లర్ చుట్టుకుని కుర్చీలో ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది గాని అడుగున ఆ పాత నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి. అక్క మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వయసులో అందరికన్నా పెద్ద, నాలుకలో అందరికన్నా చిన్న.

"రా తమ్మీ రా. మీ దోస్తు ఎల్లుండిసంది మౌనస్వామి. ఇయ్యాల ఏమన్న తిట్టేదుంటె తిట్టు, మల్ల జవాబు చెప్పరాదు."

"తిట్టు, ఫికర్ లేదు," అన్నాడు దోస్తు. "చెవులు తీస్తలేరు గద."

మనుమరాలు డిగ్రీ చదువుతోంది. ఫోనును గ్లాసుకు ఆనించి నిలబెట్టి, తాత ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తాతా, ఇరవై ఏండ్ల వయసున్న నువ్వు గీడ కూసున్నవనుకో. ఆయనకేం జెప్తవో జెప్పు. మేమందరం యింటం. రేపు నాకు పిల్లలు పుడితె వాళ్లు గూడ యింటరు."

"ఇరవై ఏండ్లప్పుడు నేను ఒక్కకాడ కూసునెటోణ్ని గాదు బిడ్డా."

"తాతా!"

"నన్నడుగు, నేను జెప్త," అంది అక్క. "మోకాళ్ల మీద వంగి గీ బండలు రుద్దకు అని జెప్త. గానీ గప్పటి పిల్ల యినదు. మా అమ్మ జెప్తెనే యినలే, గీ ముసల్ది ఎవరో వచ్చి జెప్తె యింటదా?"

వంటింట్లోంచి చెల్లె తల బయటపెట్టి, "నేనైతె కన్నడం మరవకు అని జెప్త," అంది. "అక్కడికి పోతె తెలుగామె వచ్చింది అంటరు. ఇక్కడ కన్నడామె అంటరు. నడుమల నేను యాడిదాన్నో నాకే తెల్వది."

అందరూ నా వైపు చూశారు. నాకు తోచింది చెప్పాను: "పళ్లు చూపించుకోమంటా. నొప్పి రాకముందే." మనుమరాలు నవ్వి, వికారాబాద్ తాత నుంచి ఇంకేదో ఎదురుచూశానంది. నేనూ ఎదురుచూశాను. రాలేదు.

ఇక దోస్తు వంతు. నిటారుగా కూర్చున్నాడు. మఫ్లర్ సర్దుకున్నాడు.

"పిల్లలూ. జీవితంల సమయపాలన ముఖ్యం. పొద్దుగాల లేవాలె. టైముకు తినాలె. పెద్దలను గౌరవించాలె."

మఫ్లర్ మళ్లీ సర్దుకున్నాడు.

"తాతా, స్టేషన్ మైకు లెక్క జెప్తున్నవ్," అంది మనుమరాలు. "గివన్ని నాకు జెప్తున్నవా, నీకు జెప్తున్నవా?"

అది తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి కష్టపడి పనిచేయాలన్నాడు, దురలవాట్లు వద్దన్నాడు. అదీ తుడిచేశారు. మూడోసారి నోరు తెరిచి మళ్లీ మూసి నేల బండల వైపు చూశాడు. మిగిలింది ఒకటి రెండు పూటల గొంతు. దాన్ని ఇలాంటి మాటలకు ఖర్చు పెడుతున్నానని అతనికీ తెలుస్తోంది. ఆ ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఎండ వచ్చి బండల మీద తడి ఆరిపోతోంది.

"ఎదురుంగ ఎవ్వరు లేకుంటె ఎట్ల చెప్పాలె?" అన్నాడు చివరికి, చిరాగ్గా. "నేను ఒకటి జెప్తె అవతల మల్ల జెప్పెటోడుండాలె. గీ డబ్బకు జెప్తె అది యిన్నదో లేదో ఎవనికి తెలుసు?"

తర్వాత నా వైపు తిరిగాడు.

"భాయ్, నువ్వు లే. పెరట్లకు పో. ఫోన్ జేస్త."

"నేనెవర్ని?"

"నువ్వు నేను. గప్పటి నేను. గా కాలం నాటి నన్ను నీ అంత యిన్నోడు ఇంకెవడున్నడు?"

పెరడు ఇంటి వెనుక. ఒక సీతాఫలం చెట్టు, గోడకు ఆనించిన పాత బండలు, పొయ్యికి పేర్చిన కందికట్టె. వంటింటి వెనుక తలుపు పెరట్లోకే తెరుచుకుంటుంది. లోపల చెల్లె జొన్నరొట్టె కొడుతోంది, పీట మీద అరచేతుల చప్పుడు ఒకే తీరుగా వస్తోంది. ఒక బండ మీద కూర్చున్నాను. ఎండ వెచ్చగా ఉంది. ఎక్కడా మిషన్ల చప్పుడు లేదు. కళ్లు మూసుకుంటే తాండూరు జారిపోయి, గోడకు ఫోను ఉన్న ఆ గది వచ్చింది. ఫోన్ మోగింది.

"హలో, తాండూర్ నుంచి. లైన్ క్లియర్ ఉన్నదా?"

ఆ పాత గొంతే. చెవిలో ఒకసారి, గోడ దాటి మరోసారి వినపడింది.

"ఎవరు మాట్లాడేది?" అన్నాను.

"నేనే. అంటె నువ్వే. ముసలి నువ్వు."

"నాకు ముసలి గిసలి ఎవ్వరు తెల్వదు. గూడ్స్ బండి నిలవడ్డది. జల్ది జెప్పు."

లోపల అక్క పగలబడి నవ్వింది. "అచ్చం గట్లనే మాట్లాడెటోడు!" అంటోంది.

"రాసుకో," అన్నాడు దోస్తు. "ఒకటి. సిగరెట్ మొదలువెట్టకు."

"సిగరెట్ మొదలుపెట్టొద్దు. రాసుకున్న. మొన్ననే మొదలువెట్టిన."

"ఆపు."

"డ్యూటీ దిగినంక చూస్త."

అవతల ఏదో చిన్న చప్పుడు. నవ్వుతున్నాడో, దగ్గు ఆపుకుంటున్నాడో తెలియలేదు.

"రెండు. దోమ ఊళ్ల బావి కింది పొలం అమ్మేనాడు మీ నాయన ఒక్కడే పోతడు. నువ్వు ఎంబడి పో. సంతకం అయినంక ఆయన బావి గట్టు మీద చానసేపు కూసుంటడు. పక్కన కూసో. ఏం మాట్లాడకు."

ఇది నేను ఎప్పుడూ వినలేదు. అన్నేళ్ల ఫోన్లలో రాలేదు.

"దోమ పొలం అమ్మేనాడు నాయన ఎంబడి పోవాలె. బావి గట్టు మీద పక్కన కూసోవాలె. ఏం మాట్లాడొద్దు," అని మళ్లీ చెప్పాను. ఈసారి జోకు కలపలేదు. అవతల అతను ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. చెప్పినది చేరిందని తెలిసినప్పుడు మా వాళ్లు అలా ఊపిరి వదిలేవారు.

"మూడు," అన్నాడు. ఆగి దగ్గాడు.

రొట్టె చప్పుడు ఆగింది. చెల్లె పిండి చేతులతో గడప దాకా వచ్చి నన్ను అడిగింది, చిన్నగా:

"పిలిచిండా అన్నా?"

లేదని తల ఊపాను. ఆమె వెనక్కి తిరిగింది. చప్పుడు మళ్లీ మొదలైంది.

"మూడు," అన్నాడు దోస్తు మళ్లీ. "వచ్చే నెల నీ పెండ్లి. పిల్లను పేరు వెట్టి పిలువు. మొదటి దినమే. ఎవ్వరు నవ్వినా ఆపకు."

"పిల్లను పేరు పెట్టి పిలువాలె. ఎవ్వరు నవ్వినా ఆపొద్దు," అన్నాను. వెంటనే నా నోట్లోంచి ఆ రోజుల మొండి కుర్రాడు మాట్లాడాడు: "ఏం పేరు?"

గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

"పేరు లేకుంట మెసేజ్ రాసుకోరాదు. రూల్ నీకు తెల్వదా? పేరు జెప్పు."

నిజం చెప్పాలంటే నాకూ ఆమె పేరు తెలియదు. పెళ్లి పత్రిక చూసే ఉంటాను. నా డైరీల్లో మొదట దోస్తు భార్య అని ఉంది, తర్వాత చెల్లె అని ఉంది.

గోడ అవతల అతను ఎవరితోనో అంటున్నాడు: "అక్కా, నువ్వు జర చెవులు మూసుకో."

"ఎందుకురా?"

"మూసుకోవే."

"నాడు నవ్వితిమని గిన్నేండ్లు కడుపుల వెట్టుకున్నవా?" అక్క గొంతు మారింది. "నవ్విన మాట నిజమే. గా నవ్విన వాళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన. జెప్పురా తమ్మీ. ఇగ నవ్వ."

అప్పుడు చెప్పాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. మామూలు పేరే. ఏ ఊరికి పోయినా వినపడే పేరు. ఆ గొంతులో మాత్రం అది కొత్త స్టేషన్ పేరులా వినపడింది, ఏ రైలూ అంతకుముందు ఆగని చోటులా.

రొట్టె చప్పుడు ఆగిపోయింది. ఈసారి ఆమె గడప దాకా రాలేదు. ఆగిన చోటే ఉండిపోయింది.

నియమం ప్రకారం ఇప్పుడు నేను ఆ పేరు మళ్లీ చెప్పాలి. నోటి దాకా వచ్చింది. కానీ అది మళ్లీ చెప్పాల్సిన మనిషిని నేను కానని తోచింది. మా పద్ధతిలో ఇంకో దారి ఉంది కదా.

"సమజ్ కాలే," అన్నాను. "లైన్ల గరగర ఉన్నది. మల్ల జెప్పు."

చెప్పాడు.

"వినవడ్తలే. జర గట్టిగ."

మళ్లీ చెప్పాడు. ఈసారి ఫోనులో కన్నా గోడ దాటి ఎక్కువగా వినపడింది.

"మొదటి అక్షరం అందలే. మల్ల."

అతనికి నా దొంగ వేషం తెలిసిపోయిందని నాకు తెలుసు. అయినా చెప్పాడు. చెప్పిన కొద్దీ బొంగురు విడి, అడుగున ఉన్న ఆ నీళ్లు పైకి వచ్చాయి. చివరిసారి అరిచినంత పని చేశాడు.

"వాడ వాడంతకు యినవడ్డది," అంది అక్క లోపల్నుంచి. "ఇగ చాలు, పిల్ల బెదురుతది."

పిల్ల అంటే వంటింట్లో ఉన్న ముసలావిడ.

నేను ఫోను పెట్టేసి ముందు గదిలోకి వచ్చేసరికి ఆమె పిండి చేతులతోనే వచ్చి అతని కుర్చీ ముందు నిలబడి ఉంది.

"రీ, ఏం గావాలె? చాయ్ వెట్టాల్నా?"

"ఏం వద్దు."

"మరి?"

"ఏం లేదు. ఊకెనె."

"ఊకెనెకు గంత లొల్లి ఎందుకు?" అని ఆమె వెళ్లిపోయింది. కొంచెం సేపటికి రొట్టె చప్పుడు మొదలైంది. అది మునుపటి తీరుగా లేదు. తడబడుతోంది, ఆగుతోంది, మళ్లీ పరుగెడుతోంది. ఆ పూట రొట్టెలు ఒక్కటీ గుండ్రంగా రాలేదు. అందరం వాటినే పుంటికూర పప్పుతో తిన్నాం. మనుమరాలు ఫోను తీసి దాచుకుంది. అందులో పేరు ఎన్నిసార్లు ఉందో తాను లెక్కపెట్టనంది.

ఆ సాయంత్రం డైరీ తీసి తేదీ వేశాను, హాజరు రాశాను. కలం అక్కడే ఆగింది. పళ్ల గురించి నేను చెప్పిన జవాబు గుర్తుకొచ్చి సిగ్గేసింది. ధారూర్ గదిలో కూర్చున్న ఆ కుర్రాడికి నిజంగా ఒకటి చెప్పాలంటే ఏం చెబుతానని ఆలోచించాను. ఏ బండి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో అతను అందంగా రాసుకుంటున్నాడు. బండికీ బండికీ నడుమ ఫోనులో పక్క ఊరి వాన వింటున్నాడు. అది మాత్రం రాయడం లేదు. దాన్ని రాయమని చెబుతాను. వింటాడో లేదో. గూడ్స్ నిలబడిందంటాడేమో.

దోస్తు అప్పటికే కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మఫ్లర్ జారితే చెల్లె వచ్చి సర్దింది. నాకో దుప్పటి తెచ్చిచ్చి లోపలికి పోయింది. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను.

మరునాడు పొద్దున స్టేషన్‌కు పోయాం. మళ్లీ మంచు. కొడుకు హైదరాబాదులో స్టేషన్‌కు వస్తానన్నాడు. మనుమరాలు సంచులు పట్టుకుంది. నేను వికారాబాద్ దాకా వాళ్లతోనే. అక్క ఇంటి దగ్గరే ఉండిపోయింది, బయల్దేరేటప్పుడు తమ్ముడి తల నిమిరి ముఖం అటు తిప్పుకుంది.

రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. చెల్లె నీళ్ల సీసా నింపుకు రావడానికి ప్లాట్‌ఫారం చివరికి పోయింది. మంచులో ఆమె చీర కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. రైలు దీపం కనిపించింది. ఆమె ఇంకా రాలేదు.

దోస్తు అలవాటు చొప్పున దగ్గాడు. ప్లాట్‌ఫారం మీద అంత గోలలో ఆ దగ్గు ఎవరికి వినపడుతుంది? మళ్లీ దగ్గి, ఆగి, నా వైపు చూశాడు. నేను రైలు దీపం వైపు చూశాను.

పేరు పెట్టి పిలిచాడు.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలతిప్పి చూశారు. ఒకామె, చంకలో పిల్లతో, "నన్నా?" అని కూడా అడిగింది. చెల్లె మాత్రం తిరగలేదు. కుళాయి దగ్గర వంగి సీసా మూత బిగించుకుంటోంది. ఆ గొంతుతో ఆ పేరు తనదని ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

దోస్తు రెండడుగులు ముందుకు వేసి మళ్లీ పిలిచాడు. అప్పుడు తిరిగింది. సీసా గుండెకు ఆనించుకుని, కొంగు తల మీదికి లాక్కుని, దాదాపు పరుగున వచ్చింది.

"నలుగుర్ల గదేంద్రీ?" అంది దగ్గరికొచ్చి. కోపంగా అనబోయింది, కుదరలేదు.

రైలెక్కాక ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు. కిటికీ మూయమని పిలిచాడు, తెరవమని పిలిచాడు. సంచి ఎక్కడుందని పిలిచాడు, సంచి అతని కాళ్ల దగ్గరే ఉంది. ధారూర్ వచ్చిందని చూపించడానికి పిలిచాడు. పిలిచిన ప్రతిసారీ మనుమరాలు కిటికీ వైపు ముఖం పెట్టుకుని నవ్వింది.

"ఆపుతవా ఇగ?" అంది చెల్లె. "గిట్ల పిలిస్తె పేరు అరిగిపోతది."

"రేపటిసంది అరగది," అన్నాడు.

ఆమె కొంచెం దగ్గరికి జరిగి కూర్చుంది, ఇంకోసారి పిలిస్తే బాగా వినపడేలా.

వికారాబాద్‌లో నేను దిగాను. ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే, బండి చివరి పెట్టె దాటిపోయేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను.